పల్లకీ ఎక్కితేనే ప్రవేశం

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో సాయంత్రం 6 కొట్టేసరికి బీచ్ రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు పడతాయి. మర్నాడు పొద్దున 7:30 దాకా కార్లకీ బైకులకీ అక్కడ పని లేదు. నడిచేవాడికి మాత్రం రాజమార్గం. నెల్లూరు నుంచి శని ఆదివారాలకి దిగిన కుర్రాళ్లైనా, చేతికర్రతో బయల్దేరిన ఆశ్రమం పెద్దావిడైనా గాంధీ విగ్రహం దగ్గర్నుంచి పాత లైట్‌హౌసు మీదుగా ఓపికున్నంత దూరం నడుచుకోవచ్చు. పేరడిగేవాడు లేడు. పుట్టినతేదీ అడిగేవాడు లేడు. సముద్రం చూపించడానికి ఎవరూ ఓటీపీ పంపరు.

ఆ జనమే కాళ్లు నొప్పెట్టి గట్టు మీది నల్లరాళ్ల మీద కూలబడి ఫోను తీస్తారు. ఇక అక్కడ ఏలుబడి మారిపోతుంది. సోషల్ నెట్‌వర్కుల రాజ్యంలో రాజమార్గం బండికి, బారికేడు నడిచేవాడికి. బండి అంటే యాప్. ఫోనుతోపాటే వచ్చిన మామూలు బ్రౌజరులో, సొంత కాళ్ల మీద నడిచొచ్చినవాణ్ణి వీధి మొదట్లోనే ఆపి "బండేదిరా?" అనడం అక్కడి మర్యాద.

ఆ వీధికి వెళ్లాల్సిన ఖర్మ ఎందుకంటారా? రూ ద్యుమా, రూ స్యూఫ్రెన్, రూ రొమెయిన్ రోలాండ్ అంటూ పసుపురంగు గోడల మీద కాగితంపూల తీగలు పాకిన ఈ వీధుల్లో చిన్నాచితకా కెఫేలు బోలెడు. సొంత వెబ్‌సైటు పెట్టుకునే తీరికా డబ్బూ అందరికీ ఉండవు. ఎన్నింటికి తెరుస్తారో, ఏ వారం సెలవో, ఇవాళ చేపల కూర ఉందో లేదో, అంతా నెట్‌వర్కు పేజీలోనే. బల్ల మీద అతికించిన క్యూఆర్ కోడు స్కాన్ చేసినా తేలేది అక్కడే. కొట్టువాళ్లని తప్పుపట్టను. ఉచితంగా బోర్డు కట్టుకోండి అన్నారు, కట్టుకున్నారు. ఆ బోర్డుకి తర్వాత తెర కడతామన్న సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

నేనూ ఒకసారి అలాగే వెళ్లాను. పేరు చెప్పను, ఏ నెట్‌వర్కు పేరు తగిలించినా కథ అతుకుతుంది. పేజీ తెరుచుకుంది, మెనూ ఫొటో కనబడింది. మొదటి ఐటమ్ పేరు చదివేలోపు కిందనుంచి ఒక తెల్లటి పలక లేచి సగం తెర మింగేసింది. 'యాప్‌లో అయితే ఇంకా బాగుంటుంది' అని శుభవార్త. ఎవరికి బాగుంటుందో రాయలేదు. దాని కింద బొటనవేలంత నీలం బొత్తాం: యాప్ తెరవండి. ఇంకా కింద, వెలిసిపోయిన బూడిదరంగు అక్షరాల్లో 'ఇప్పుడు కాదు'. వద్దు అనే బొత్తాం వెతికాను. అది వాళ్ల ఇంటావంటా లేదు.

'ఇప్పుడు కాదు' నొక్కాను. అంటే కాసేపాగి అడగమన్నానని వాళ్ల లెక్క కాబోలు, నాలుగు ఫొటోలు జరిగేసరికి పలక మళ్లీ లేచింది. ఈసారి లాగిన్ అవమంది. పాస్‌వర్డు ఇస్తే తప్పంది. ఓటీపీ పంపింది. ఆ ఓటీపీ చూసుకోవడానికి మెసేజీల్లోకి పోయి వచ్చేసరికి పేజీ మొదటికొచ్చి, మళ్లీ నంబరు అడిగింది. ఎలాగో లోపల పడితే నేను చూస్తున్న కెఫే మాయం. దాని స్థానంలో పదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడి మేనల్లుడి గృహప్రవేశం. కెఫేని మళ్లీ వెతికి పట్టుకుని, మెనూని రెండు వేళ్లతో పెద్దది చేయబోతే అది పెద్దది కాలేదు. పేజీ పక్కకి జారి, ఎవరో డాన్సు చేస్తున్న వీడియో గొంతు చించుకుని మొదలైంది. పక్క రాతి మీద ధ్యానంలో ఉన్నావిడ ఒక కన్ను తెరిచి నావంక చూసింది. కంగారుగా వెనక్కి బాణం నొక్కాను. ఒక్క అడుగు వెనక్కి పోవాల్సింది, ఏకంగా గూగుల్ దాకా మోసుకుపోయి దించింది.

మెనూ సంగతి దేవుడెరుగు, అసలు తెరిచుందా అని చూద్దామనుకున్నాను. పేజీలో అన్నిటికంటే పైన 'ఈరోజు మూసి ఉంటుంది, క్షమించండి' అనే పోస్టు. తలెత్తితే రోడ్డుకి అవతల కెఫే తలుపు బార్లా తెరిచే ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. తేదీ మీద వేలు పెట్టి చూస్తే ఆ 'ఈరోజు' రెండేళ్ల కిందటి పొంగలు. ఎక్కువమంది లైకు కొట్టారు గనక దాన్ని నెత్తికెత్తుకున్నారన్నమాట. సెలవు పోయినా లైకులు పోలేదు.

ఈ మాటే వాళ్ల చెవిన వేద్దామని కామెంటు పెట్టె తెరిచాను. నాది తెలుగు కీబోర్డు. 'తలుపు' అని కొడితే 'తతలలుపు' అని పడింది. ఒత్తు ఇవ్వబోతే కర్సరు వాక్యం మొదటికి పరుగెత్తింది. ఒక్క అక్షరం చెరపబోతే మాట మొత్తం పోయింది. పట్టుబట్టి రెండు వాక్యాలు కూర్చానో లేదో ఇంటినుంచి ఫోనొచ్చింది. మాట్లాడి తిరిగొస్తే పెట్టె ఖాళీ. అందులో ఒక వినయమైన ప్రశ్న: మీ మనసులో ఏముంది? నా మనసులో ఏముందో అచ్చువేస్తే ఈ పత్రికకి నోటీసు వస్తుంది.

ఊరు కట్టినవాళ్లకి ఉన్న ఇంగితం వీళ్లకి లేకపోయిందే అనిపిస్తుంది. 1693 నుంచి 1699 దాకా ఆరేళ్లపాటు డచ్చివాళ్లు పాండిచ్చేరిని ఏలారు. వాళ్లు గీసుకున్న గళ్ల ప్లాను ఛాయ ఈ వీధుల్లో ఇప్పటికీ ఉంది. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్లు తిరిగొచ్చి మళ్లీ అలాగే తిన్నగా కట్టుకున్నారు. అందుకే కొత్తవాడు కూడా ఇక్కడ తప్పిపోడు. తూర్పుకి నడిస్తే సముద్రం, పడమరకి నడిస్తే కాలవ. ఇదే వైట్ టౌన్‌ని ఒక్క వారం మన నెట్‌వర్కు దొరల చేతికిచ్చి చూడండి. వీధుల పేర్లున్న నీలం రేకులు రాత్రికి రాత్రి తావు మారతాయి, దానికి 'కొత్త అనుభవం' అని పేరు పెడతారు. గాంధీ విగ్రహం మంగళవారం ఒక చోట, జనం ఎక్కువ ఫొటోలు దిగిన చోటు చూసుకుని బుధవారం ఇంకో చోట. రూ ద్యుమా చివరిదాకా నడవబోతే ఆఖరి ఇల్లు వచ్చేలోపు మరో పది ఇళ్లు మొలుస్తాయి. ఈ అంతులేని వీధిని, అంటే ఎంత జరిపినా తరగని పేజీని, 2006లో కనిపెట్టిన ఆజా రాస్కిన్ అనే డిజైనరు, ఎందుకు చేశానురా బాబూ అని తర్వాత లెంపలేసుకున్నాడు. లెంపలు ఆయనవి, లాభాలు వేరేవాళ్లవి. పేజీ అడుగున 'సహాయం' అనే లింకు ఒకటుంటుందని చదువుకున్నవాళ్లు చెబుతారు. అడుగే లేని పేజీలో అడుగున ఉన్నదాన్ని అందుకున్న మహానుభావులెవరైనా ఉంటే వారికి బీచ్ రోడ్డులో విగ్రహం పెట్టించాలి.

చేతగాక ఇలా చేశారనుకునే జాలిగుండెలున్నాయి. కుర్ర ఇంజినీర్లు పాపం, టెస్టింగు సరిగా జరగలేదేమో అంటారు. అయ్యా, కోట్లాది ఫొటోల్లోంచి మీ మేనమామ ముక్కుని పోల్చి పట్టిన ఘనులకి ఒక బొత్తాం పనిచేయించడం రాదా? 2017 ఏప్రిల్‌లో ట్విట్టర్ సంస్థ బ్రౌజరులోనే నడిచే ట్విట్టర్ లైట్ తెచ్చింది. ఫోనులో 1 ఎంబీ చోటు కూడా అక్కర్లేదంది, సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే ఇండియా లాంటి చోట్ల కోసమే అంది. అది నిజంగానే చకచకా నడిచింది. అంటే వచ్చు. వచ్చినవాళ్లు చేయకపోతే దాన్ని లోపం అనరు, పాలసీ అంటారు.

ఈ పాలసీకి వంశవృక్షం ఉంది. 2012 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సభలో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, ఫోన్లలో యాప్‌ని కాదని వెబ్ సాంకేతికతని అతిగా నమ్ముకోవడమే కంపెనీగా తాము చేసిన అతిపెద్ద పొరపాటు అన్నాడు. ఆనాటి నుంచి వెబ్ సవతి బిడ్డ. 2014లో మెసేజీలను ఫేస్‌బుక్ యాప్‌లోంచి పీకి మెసెంజర్ అనే రెండో యాప్‌లో పడేశారు. అప్పటికీ బ్రౌజరులో మెసేజీలు చదువుకునే మొండిఘటాలు మిగిలారని 2016లో ఆ కిటికీ కూడా మూయడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ ఏడాదే, ఫిబ్రవరి 8న, ఎంచిన కొన్ని సైట్లనే ఉచితంగా చూపించే వాళ్ల 'ఫ్రీ బేసిక్స్' బేరానికి మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అడ్డం కొట్టింది. భారతదేశంలోని బీదవాడికి ఇంటర్నెట్టు ముఖం చూపించాలని పత్రికల్లో పేజీలకి పేజీలు ప్రకటనలిచ్చి కన్నీరు పెట్టుకున్న కంపెనీయే, అదే బీదవాడు చవక ఫోనులో, బ్రౌజరులో చదువుకునే మెసేజీ మీద తలుపేసింది. కన్నీళ్లు కూడా యాప్‌లోనే బాగుంటాయేమో.

ఈ నస వల్ల పని జరుగుతుందా అంటే, దానికి లోపలివాళ్లు వేసిన లెక్కే ఉంది. 2015లో గూగుల్ తన సొంత నెట్‌వర్కు గూగుల్ ప్లస్ మీద పరీక్ష పెట్టుకుంది. ఫోను బ్రౌజరులో వచ్చినవాళ్లకి పేజీ మొత్తం కప్పేసే 'యాప్ దించుకోండి' తెర చూపిస్తే, నూటికి 9 సార్లు మాత్రమే ఆ బొత్తాం మీద వేలు పడింది. 69 సార్లు వచ్చినవాళ్లు యాపూ దించుకోలేదు, పేజీలోకీ రాలేదు. వచ్చిన దారినే పోయారు. తెర తీసేసి చిన్న పట్టీ పెడితే మొబైల్ సైటుకి వచ్చేవాళ్లు 17 శాతం పెరిగారు. ఐఫోన్లలో యాప్ దించుకోవడం తగ్గింది 2 శాతమే. గూగుల్ బుద్ధిగా ఆ తెరకి స్వస్తి చెప్పింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది, అది వేరే రోగం. మిగతా నెట్‌వర్కులు మాత్రం ఆ లెక్కని తలకిందులుగా చదువుకున్నట్టున్నాయి: 69 మంది పోతే పోయారు, 9 మంది చిక్కారు గదా!

చిక్కిన ఆ తొమ్మిదిమందికి అంత విలువేమిటి? బ్రౌజరులో వచ్చినవాడు ట్యాబ్ మూసేసి తన దారిన పోతాడు. ప్రకటనలకి అడ్డుకట్ట వేసుకుంటాడు, కుకీలు తుడిచేస్తాడు. యాప్ అలా వదలదు. కాంటాక్టులు అడుగుతుంది, ఎక్కడున్నావని అడుగుతుంది, రాత్రి 11 గంటలకి 'మీ మిత్రుడు చాన్నాళ్లకి ఫొటో పెట్టాడు' అని గిల్లి లేపుతుంది. 2021లో యాపిల్ సంస్థ ఐఫోన్లలో ఒక చిన్న ప్రశ్న పెట్టింది: ఈ యాప్ మిమ్మల్ని ఇతర చోట్ల కూడా వెంబడించవచ్చా? చాలామంది వద్దన్నారు. ఆ వద్దు వల్ల 2022లో తమ రాబడికి సుమారు 1,000 కోట్ల డాలర్ల గండి పడుతుందని ఫేస్‌బుక్ యజమాని మెటాయే చెప్పుకుంది. వద్దనే బొత్తాం ఎందుకు పెట్టరో ఇప్పుడు బోధపడిందా? దాని ఖరీదు అదీ.

అసలు తమాషా లోపలికి వెళ్లాక ఉంది. యాప్‌లో లింకు నొక్కితే చాలాసార్లు అది మీ బ్రౌజరులో తెరుచుకోదు. యాప్ కడుపులో వాళ్ల సొంత బ్రౌజరు ఇంకోటుంటుంది. బ్రౌజరు ఎందుకూ పనికిరాదని మనల్ని లాక్కొచ్చినవాళ్లే లోపల దొంగచాటుగా బ్రౌజరు నడుపుకుంటారు. అందులో తెరిచిన పరాయి సైట్లలోకి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు తమ కోడు చొప్పిస్తున్నాయని 2022 ఆగస్టులో ఫెలిక్స్ క్రౌజ అనే పరిశోధకుడు చూపించాడు. వినియోగదారుల ఇష్టాయిష్టాలను గౌరవించడానికే ఆ కోడు అని మెటా సమాధానం. 2025 జూన్‌లో ఇంకో గౌరవం బయటపడింది. ఆండ్రాయిడ్ ఫోనులో మనం బ్రౌజరు తెరిచి వేరే సైట్లు చూసుకుంటుంటే, ఆ సైట్లలో ఉండే మెటా ట్రాకింగు కోడు ఆ కబుర్లన్నీ అదే ఫోనులో చప్పుడు చేయకుండా కూర్చున్న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లకి మోస్తోందని పరిశోధకులు పట్టుకున్నారు. పట్టుబడ్డాక ఆ మోత ఆగింది.

కాలవకి ఇటొక న్యాయం, అటొక న్యాయం ఈ ఊరికి కొత్త కాదు. ఫ్రెంచివాళ్ల హయాంలో సముద్రం వైపున్నది తెల్లవాళ్ల ఊరు, వీల్ బ్లాంష్. కాలవకి పడమర నల్లవాళ్ల ఊరు, వీల్ న్వార్. ఆ పడమటి ఊళ్లో ఉండేవాడు ఆనందరంగ పిళ్లై, డూప్లే గవర్నరు గారి దుబాసీ. 1736 నుంచి 1761లో కన్నుమూసేదాకా తమిళంలో డైరీ రాసిపెట్టాడు. మన కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' చెప్పింది ఈయన పేరుమీదే. గవర్నరు నివాసం లోపలిదాకా పల్లకీలో, మేళతాళాలతో వెళ్లే హక్కు పిళ్లైకి ఉండేదంటారు. అప్పట్లో పల్లకీ గొప్పవాడికి దక్కిన గౌరవం. ఇప్పటి డూప్లేలు ఉదారులు. చేపల కూర ధర చూద్దామని వచ్చిన ప్రతివాణ్ణీ పల్లకీ ఎక్కితే తప్ప లోపలికి రానివ్వరు. ఎక్కాక తెలుస్తుంది, బోయీలం కూడా మనమేనని. బ్యాటరీ మనది, డేటా మనది, చోటు మనది. మేళం కూడా మన ఫోనులోంచే, రాత్రి 11 గంటలకి.

పల్లకీ ఎక్కలేని తెలుగువాడు వైట్ టౌన్‌లో ఎప్పుడూ ఒకడు కనిపిస్తాడు: యానాం మనిషి. ఊరేమో కాకినాడ పక్కన, గోదావరి ఒడ్డున. ఏలికేమో 800 కిలోమీటర్లకు పైగా దూరాన, పుదుచ్చేరిలో. ఆయన ఎమ్మెల్యే కూర్చునే శాసనసభ భారతి పార్కు దగ్గర, ఆయన ఫైలు పడుకునే సచివాలయం బీచ్ రోడ్డు మీద. అలా సర్కార్ ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చిన ఒక పెద్దాయన సచివాలయం బయట ఫోను దూరంగా పట్టుకుని తంటాలు పడుతున్నాడు. తెలుగు వినబడేసరికి నా వైపు తిరిగాడు.

"ఆఫీసోళ్లు నోటీసు నెట్టులో పెట్టేరన్నారండి. చూద్దామంటే యాపు, యాపు అంటాదేటండి ఇది?"

"దించుకోండి బాబాయ్‌గారూ, అయిపోతుంది."

"చోటు లేదంటందండి. మా మనవరాలి ఫొటోలున్నాయి. అయ్యి తీసెయ్యమంటారేటండి?"

నేను బ్రౌజరులో ప్రయత్నించాను. తెల్లపలక లేచింది. ఆయన దాన్ని గౌరవంగా చదివి, "ఆయ్, ఇదేనండి," అన్నాడు, ఊరివాణ్ణి గుర్తుపట్టినట్టు.

కెఫే మెనూ దొరక్కపోతే పక్క కెఫేకి పోతాం. సర్కారు నోటీసుకి పక్క సర్కారు ఉండదు గదా. వాన సెలవులు, తుఫాను కబుర్లు, కరెంటు కోతలు, అన్నిటినీ ప్రైవేటు కంపెనీ గేటు లోపల అంటించేసి 'ప్రజలకు తెలియజేశాం' అని చేతులు దులుపుకునే అధికారులకి ఈ పాపంలో అర్ధవాటా రాసివ్వాలి. 2023 జూన్ 30న ట్విట్టర్, లాగిన్ లేనివాళ్లెవరూ ఏమీ చదవకుండా తలుపేసింది. ఆ మర్నాడే లాగిన్ ఉన్నవాళ్లకి కూడా రోజుకిన్నే చదవాలని రేషను పెట్టింది. తర్వాత ఎక్స్ అని పేరు మార్చుకుని, తలుపు కాస్త ఓరగా తీసింది. లాగిన్ లేకుండా ఒక ఖాతా తెరిస్తే పోస్టులు కనబడతాయి, కాకపోతే కొత్తవి ముందు కాదు, పేరుపడ్డవి ముందు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఒక్క రోజులో ఊరి మీద 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అలాంటి రాత్రి ఒక్క గీత సిగ్నలుతో, ఆరిపోబోయే బ్యాటరీతో ఎవరైనా అధికారి ఖాతా తెరిస్తే, కావాల్సింది ఆ గంట హెచ్చరిక. ఎదురుగా నిలబడేది ఎప్పటివో స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు. వాటికి లైకులు ఎక్కువ మరి.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. అది కూడా నవంబరు 30నే పుట్టింది, తుఫానుకి సరిగ్గా ఏడాది ముందు. జనాన్ని బొత్తాలతో బోల్తా కొట్టించే ఈ విద్యకి హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనరు 2010లో డార్క్ ప్యాటర్న్ అని పేరుపెట్టాడు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో వాటిలో 13 రకాలను పేరుపేరునా నిషేధించింది. ఆ పదమూడింట నస పెట్టడం ఒకటి. దానికి మార్గదర్శకాల్లోనే ఇచ్చిన ఉదాహరణ: యాప్ దించుకోమని వెబ్‌సైటు మాటిమాటికీ అడగడం. ఇంకో ఉదాహరణ: నోటిఫికేషన్లకీ కుకీలకీ ఒప్పుకోమని, వద్దనే వీలు లేకుండా అడుగుతూనే ఉండడం. నా ఫోను తెరని ఫొటో తీసి గెజిట్‌లో వేసినట్టే ఉంది. అయినా తెల్లపలక లేస్తూనే ఉంది. ఆ నియమం సరుకులూ సేవలూ అందించేవాళ్లకి గదా, మాది ఉచితం అని నెట్‌వర్కు వకీళ్లు వాదించవచ్చు. ఉచితానికి 1,000 కోట్ల డాలర్ల గండి ఎలా పడిందని అడిగే జడ్జిగారు ఎక్కడో ఉండకపోరు. 2025 జూన్‌లో ఆ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ వేదికలకి ఒక సలహా కూడా ఇచ్చింది: మీలో డార్క్ ప్యాటర్న్‌లు ఉన్నాయేమో మూడు నెలల్లో మీరే తనిఖీ చేసుకోండి. పరీక్ష రాసినవాడి చేతికే మార్కుల పుస్తకం ఇచ్చే ఇంత మంచి ఇన్విజిలేటరు మా రోజుల్లో దొరకలేదు.

ఫిర్యాదుదారుణ్ణి మరిచారనుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉంది, ఫోన్ చేసుకోవచ్చు. కానీ ప్రత్యేకంగా డార్క్ ప్యాటర్న్‌ల పని పట్టడానికి 2024 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్రం కొత్త ఆయుధాలు విడుదల చేసింది. జాగృతి డాష్‌బోర్డు అధికారులు చూసుకోవడానికి. జనం చేతికిచ్చినవి రెండు: జాగో గ్రాహక్ జాగో, జాగృతి. రెండూ యాప్‌లే.

ఈ సంగతి యానాం పెద్దాయనకి చెప్పాను. ఆయన ఫోను వంక ఓసారి చూసుకుని చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు.

"మనవరాల్ని మాత్రం తియ్యనండి," అన్నాడు. "ఆ చట్టాన్నే ఇంకో ఫోను కొనుక్కోమనండి."